తొవ్వసాక్షికి పట్టూ విడుపూ

కారు ముందుటద్దానికి తగిలించుకుని, ఎదుటి దారినంతా చిత్రిస్తూ పోయే చిన్న కెమెరాను లోకం డాష్ క్యామ్ అంటోంది. తెలుగులో పేరు పెట్టుకోనిదే ఏ వస్తువూ మనది కాదన్న చాదస్తం నాది. మా సుల్తానాబాద్ వైపు దారిని తొవ్వ అంటాం కనుక దీన్ని తొవ్వసాక్షి అని పిలుచుకుంటున్నాను. మార్గసాక్షి అంటే శుద్ధంగా ఉండేదనీ, ఇది వైరిసమాసమనీ పండితమిత్రులు ఆక్షేపించవచ్చు. లారీ, ట్రాక్టరు, ఎడ్లబండి ఒకే రోడ్డు మీద నడిచే ఊరివాణ్ణి. మిశ్రమాలతో నాకు పేచీ లేదు.

ఈ టపా ఆ కెమెరా గురించి కాదు, దాన్ని పట్టి నిలిపే పీట గురించి. అంగట్లో ఈ వస్తువు కొనబోయిన వాడు బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది, రాత్రిపూట కనిపిస్తుందా, కార్డు ఎంత పడుతుంది అని అడుగుతాడు. అమ్మేవాడూ వాటినే వల్లిస్తాడు. పీట సంగతి ఇద్దరికీ పట్టదు. డబ్బాలో ఏదో ఒకటి ఉంటుంది కదా అన్న ధీమా. కానీ ఆ యంత్రం అక్కరకు వచ్చేదీ రానిదీ పీటను బట్టే ఉంటుందని నా అభిప్రాయం. ఇంకొక అడుగు ముందుకు వేసి చెబుతాను: సులువుగా ఊడి రాని పీట మంచి పీట కాదు. గట్టిగా పట్టుకోవడం దాని గుణంలో సగమే. అడిగినప్పుడు మారుమాట లేకుండా వదలడం తక్కిన సగం. మనిషికి పట్టూ విడుపూ ఉండాలని పెద్దలు అంటారే, అదే మాట ఈ వస్తువుకూ వర్తిస్తుంది.

ఇది మనవాళ్ళకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు. పాతకాలపు గోడల్లో చిలక్కొయ్యలుండేవి. కొయ్య గోడలో శాశ్వతం, దానికి తగిలించిన అంగవస్త్రం తాత్కాలికం. ఉట్టి దూలానికి కట్టి ఉంటుంది, కుండ మాత్రం దిగి వస్తుంది. ఎడ్లబండి చక్రం జారిపోకుండా ఇరుసు కొసన కడశీల ఉండేది. ఊళ్ళు తిరిగినంతసేపూ అది చక్రాన్ని కాస్తుంది, కందెన పెట్టవలసిన వేళ చేత్తో లాగితే వస్తుంది. ఈ మూడింట్లోనూ ఒకటే సూత్రం: నిలిచి ఉండవలసిన భాగం వేరు, వచ్చిపోవలసిన భాగం వేరు. రెండింటినీ ఒకే ముద్దగా చేస్తేనే చిక్కు. వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే, పీటకూ అద్దానికీ సంధి నిత్యం, పీటకూ కెమెరాకూ సంధి వైకల్పికం కావాలి.

ఇంతకీ ఈ సాక్షి మనకెందుకు? మా ఊరి గుండా పోయే రాజీవ్ రహదారిని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదు నుంచి సిద్దిపేట, కరీంనగర్, సుల్తానాబాద్, పెద్దపల్లి మీదుగా రామగుండం దాకా సాగే ఈ దారిలో బొగ్గు లారీలు, గ్రానైటు రాళ్ళు మోసే బండ్లు, బియ్యం మిల్లులకు వడ్లు తోలే ట్రాక్టర్లు, బడిపిల్లల ఆటోలు, అన్నీ కలిసే నడుస్తాయి. వానకాలం కోతలప్పుడూ యాసంగి కోతలప్పుడూ పల్లెల దగ్గర రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. రాత్రివేళ ఆ కుప్పలకు కాపలాగా పెట్టిన రాళ్ళు దీపాల వెలుగులో చివరి క్షణం దాకా కనిపించవు. ఏదైనా జరిగితే అక్కడ పోగైన జనం న్యాయం ఒకటే: పెద్ద బండిదే తప్పు. కారూ సైకిలుమోటారూ ఢీకొంటే కారుది, లారీ కారూ ఢీకొంటే లారీది. ఎవరు ఎటు తిరిగారో, ఎవరు దీపం వేశారో అడిగే నాథుడుండడు. చూసినవాడు నోరు విప్పడు. ప్రమాదంలో ఆదుకున్న వారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఖాయం చేసినా, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చినా, పోలీసు స్టేషను మెట్లెక్కాలంటే ఇప్పటికీ జంకే.

అసలు గుద్దిన బండి ఏదో తెలియని కేసులు మరీ ఘోరం. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 30,486 మంది గుద్ది పారిపోయిన బండ్ల కింద పడినవారు. బండి దొరకకపోతే ఆ కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద వచ్చేది 2 లక్షల రూపాయలు. అది కూడా 2022 ఏప్రిల్ 1 నుంచి పెంచిన మొత్తం. బండి నంబరు తెలిస్తే భీమా సంస్థ మీద నష్టపరిహారపు దావా వేయవచ్చు, పోయినవాడి సంపాదననూ ఈడునూ బట్టి ట్రిబ్యునల్ లెక్క కడుతుంది. వెనక వస్తున్న కారులో ఒక సాక్షి నిలకడగా కళ్ళు తెరిచి ఉందా లేదా అన్నది ఒక్కోసారి ఒక ఇంటి బతుకును తేల్చే ప్రశ్న.

నిలకడగా అన్నాను. ఇక్కడే మన ఎండ అడ్డువస్తుంది. రామగుండం, పెద్దపల్లి, మంచిర్యాల ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు వింత కాదు. నీడలేని చోట నిలిపిన కారు లోపల ఎంత ఉంటుందో ఊహించండి. అమెరికాలోని అరిజోనా ఎండలో చేసి 2018లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. బయట సుమారు 38 డిగ్రీలున్నప్పుడు, ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలకు చేరింది. మన ఎండ అంతకంటే ఎక్కువ, నిలిపి ఉంచే వేళలూ ఎక్కువ. చాలా తొవ్వసాక్షుల్లో లిథియం బ్యాటరీ ఉంటుంది. మామూలుగా దాన్ని 45 డిగ్రీలు దాటితే ఛార్జి చేయరాదు, 60 దాటితే వాడరాదు. దాటితే ఉబ్బుతుంది, చెడుతుంది. అందుకే కొన్ని కంపెనీలు బ్యాటరీకి బదులు వేడిని మరికొంత ఓర్చుకునే సూపర్ కెపాసిటర్ పెడుతున్నాయి. కొనేటప్పుడు అది ఉన్నదాన్నే అడిగి తీసుకోండి. అయినా అన్నిటికన్నా సులువైన మందు ఒకటే: బండి ఎండలో నిలిపినప్పుడు కెమెరాను తీసి వెంట తీసుకుపోవడం. పీట తేలికగా వదిలితేనే ఆ పని ప్రతిపూటా చేస్తాం. స్క్రూ తిప్పి, తీగ లాగి, రెండు చేతులూ పెట్టి పీకవలసి వస్తే మూడోనాటికి మానేస్తాం. మానవస్వభావం అంతే.

ఇప్పుడు దొరికే పీటలను ఒక్కొక్కటే పరికిద్దాం.

మొదటిది రబ్బరు గిన్నె, అంగడి భాషలో సక్షన్ కప్పు. తీయడం, పెట్టడం దీనికి మించిన సులువు లేదు కనుక మొదట అందరమూ దీనివైపే మొగ్గుతాం. దీన్ని పట్టి ఉంచేది జిగురు కాదు, గాలి. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున వాతావరణం మనల్నందరినీ అదుముతూనే ఉంది. ఐదు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గిన్నెలోంచి గాలిని పూర్తిగా తీసివేయగలిగితే 20 కిలోల దాకా పట్టు రావాలి. 1650ల్లో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఆటో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళాలను కలిపి లోపలి గాలి తోడేసి, గుర్రాలతో లాగించినా విడిపోవని చూపించింది ఈ బలాన్నే. అయితే రాగి ఎండకు మెత్తబడదు, మన గిన్నె మెత్తబడుతుంది. అంచు వంగుతుంది, వెంట్రుకవాసి సందు దొరికితే గాలి లోపలికి చేరుతుంది. నా కారులో ఒక వేసవి ఇలాంటి దాన్ని వాడాను. పొద్దున్నే అంటించినది మధ్యాహ్నానికి డాష్‌బోర్డు మీద వెల్లకిలా పడి ఆకాశాన్ని చిత్రిస్తూ ఉండేది. తడిగుడ్డతో తుడిచి పెడితే మళ్ళీ రెండు రోజులు. పైగా ప్రతిసారీ కోణం మారుతుంది. ఒకనాడు రోడ్డు, ఒకనాడు మబ్బులు, ఒకనాడు కారు బానెటు. ఎదుటి బండి నంబరు ఉండవలసిన చోట ఆకాశం ఉంటే ఆ సాక్ష్యం దేనికి? చలిదేశాల్లో దీనికి మన్నన ఉందేమో, మన ఎండకు మాత్రం ఇది విడుపే తప్ప పట్టు లేని వస్తువు.

రెండవది దీనికి పూర్తిగా విరుద్ధం: రెండు వైపులా జిగురున్న మందపాటి నురగ టేపు. మంచి రకమైతే ఏళ్ళ తరబడి ఉంటుంది. అంటించే విధానం తెలియాలి. అద్దాన్ని స్పిరిటుతో తుడిచి ఆరనివ్వాలి, గట్టిగా అదిమి పట్టాలి, ఆ వెంటనే కెమెరా బరువు మోపకూడదు. ఈ రకం టేపులో పేరున్న త్రీఎమ్ వీహెచ్‌బీ విషయంలో, మామూలు గది వేడిలో 20 నిమిషాలకు సగం పట్టు, 24 గంటలకు 90 శాతం, 72 గంటలకు పూర్తి పట్టు వస్తుందని తయారీదారులే చెబుతారు. మనవాళ్ళు అంటించిన అయిదో నిమిషంలో బండి తీసి, సాయంత్రానికి ఊడిందని టేపును తిడతారు. అద్దం పైయంచున ఉండే నల్లచుక్కల వరుస మీద కూడా ఇది సరిగా పట్టదు. దీని దోషం రెండవ వైపున ఉంది. కెమెరానే నేరుగా అద్దానికి అతికిస్తే ఇక అది అక్కడే ఎండాలి, ఎండి చావాలి. ఇది పట్టే తప్ప విడుపు లేనిది.

మూడవది డాష్‌బోర్డు మీద బరువుతో కూర్చునే ఇసుకసంచి వంటి మెత్త. ఇంటి గేటు దగ్గర బాగుంటుంది. గోతుల రోడ్డు మీద జరుగుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే దొర్లుతుంది. పక్కసీటు ముందర ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట పెడితే ప్రాణాంతకం కూడా.

నాలుగవది ముళ్ళపట్టీ, అంటే వెల్క్రో. స్విట్జర్లాండుకు చెందిన జార్జ్ డి మెస్ట్రాల్ అడవికి పోయి వచ్చినప్పుడు తన బట్టలకూ కుక్క బొచ్చుకూ పట్టిన కాయలను చూసి దీన్ని కనిపెట్టాడు. మన పొలంగట్ల మీద ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకోవడం ఎరిగినవారికి సూత్రం వివరించనక్కరలేదు. తీయడం సులువు, పెట్టడం సులువు. కానీ ముళ్ళ మధ్య కాస్త వదులు ఉండనే ఉంటుంది, ఆ వదులు కుదుపుల్లో వణుకవుతుంది, వణుకు బొమ్మలో మసక అవుతుంది. ఏమీ లేనిదానికన్నా నయం.

అయిదవది నేను మెచ్చినది. పలుచని పీట ఒకటి టేపుతో అద్దానికి శాశ్వతంగా అంటి ఉంటుంది. కెమెరా ఆ పీటలోకి పట్టాల మీద జారినట్టు జారి టక్కున కూర్చుంటుంది, లేదా అయస్కాంతంతో పట్టుకుంటుంది. వీటిలో వాడే నియోడిమియం అయస్కాంతాల మామూలు రకం 80 డిగ్రీల దాకా బలం కోల్పోదు గనుక మన కారు వేడికి తట్టుకుంటుంది. కరెంటు తీగ కెమెరాకు కాక పీటకే తగిలే రకం దొరికితే అంతకంటే మేలు లేదు. కెమెరా తీసినా తీగ కదలదు, చిన్న పిన్ను అరగదు. పీట కోణం ఒకసారి సరిచేసిపెడితే ఎన్నిసార్లు తీసి పెట్టినా అదే చూపు. అదే చిలక్కొయ్య.

నేను పీటకు పెట్టే పరీక్షలు చెబుతాను. ఒక చేత్తో, చూడకుండా, ఒక గుక్కలో ఊడి రావాలి. మళ్ళీ పెడితే చూపు మారకూడదు. తీసిన తరువాత అద్దం మీద దొంగకు ఆశ పుట్టించేదేమీ మిగలకూడదు. వెనక చూసే అద్దం చాటున, డ్రైవరు చూపుకు అడ్డురాని చోట, వైపరు తుడిచే మేరలో ఇమడాలి. ఇక గట్టిదనం సంగతి. వంద గ్రాముల కెమెరా ఢీకొన్న క్షణంలో ముప్పై రెట్లు బరువెక్కిందనుకున్నా మూడు కిలోలు. ఆ మాత్రం కుదుపుకు ఊడిపడి ఎవరి ముఖానికో తగిలే పీట వద్దు. చేతికి లొంగాలి, కుదుపుకు లొంగకూడదు. జారుడు పీట ఈ తేడా తెలిసినది: కుదుపు వచ్చే దిక్కు వేరు, మనం లాగే దిక్కు వేరు.

విడుపు ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఎండా దొంగా మాత్రమే కారణాలైతే ఇంత రాసేవాణ్ణి కాదు. సాక్షి అన్నాక కోర్టు మెట్లు ఎక్కవలసి రావచ్చు. 1872 నాటి సాక్ష్య చట్టం పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చింది. పాత 65బి సెక్షన్ స్థానంలో ఇప్పుడు 63వ సెక్షన్ ఉంది. వీడియో నకలు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి, ఆ ఫైలు హాష్ విలువ కూడా అందులో రాయాలి. పాత చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. సొంతదారు బోనెక్కి అసలు పరికరాన్నే చూపితే ధ్రువపత్రం అక్కరలేదని. అంటే నకలు కన్నా అసలుకు విలువ ఎక్కువ. ఈ కెమెరాలు కార్డు నిండగానే పాతవి చెరిపి వాటిమీదే కొత్తవి రాస్తాయి. ప్రమాదం తరువాత బండి క్రేనుతో స్టేషనుకో షెడ్డుకో పోతుంది. అద్దానికి అతుక్కున్న సాక్షి దాంతోపాటే పోయి, ఎవరెవరి చేతుల్లోనో పడి, చెరిగిపోవచ్చు. ఊడి వచ్చే సాక్షిని అప్పుడే ఆపి, భద్రంగా ఉంచి, అడిగిన అధికారికి అప్పగించవచ్చు. దాచిపెట్టడానికి కాదు సుమా, చెరిగిపోకుండా ఉండడానికి.

ఇంకొకటి. దీనికి కన్నే కాదు, చెవి కూడా ఉంటుంది. కారులో కూతురితో మాట్లాడుకున్నదీ, వియ్యంకుడితో గొణిగినదీ అన్నీ వింటుంది. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2018 మే నెలలో ఒక కేసులో, ఇష్టమొచ్చినట్టు ఎడతెగకుండా చిత్రించడం అక్కడి సమాచార రక్షణ చట్టానికి విరుద్ధమంటూనే, ఆ వీడియోను ప్రమాద దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. రెండు మాటలూ సబబే. 2017లో మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. సాక్షిని ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పంపివేయాలో మన చేతిలో ఉండాలి. చేత్తో తీసేయగలిగిన దాన్ని పక్కనున్నవారూ నమ్ముతారు. మీట నొక్కాను, ఆగిపోయిందంటే నమ్మకం ఉండదు. తీసి సంచిలో వేస్తే ఉంటుంది.

అన్నిటికన్నా నాకు బలమైన కారణం వేరొకటి. మా వైపు కారు నడిపేవారిలో చాలామందికి కారు సొంతం కాదు. బండి యజమానిది, లైసెన్సు మాత్రం డ్రైవరుది. తప్పు మోపితే కేసు పడేది డ్రైవరు మీద, జీతం ఆగేది డ్రైవరుకు. వాడు నేడు ఒక బండి, రేపు ఒక బండి. యజమాని తన బండికి కెమెరా అతికించినా అది యజమాని సాక్షి, కార్డు యజమాని చేతిలో. తేలికగా ఊడి వచ్చే తొవ్వసాక్షి ఉంటే డ్రైవరు దాన్ని తన వెంట తెచ్చుకుంటాడు. తాను నడిపే రెండు మూడు బండ్లకూ తలా ఒక చవక పీట అంటిస్తే చాలు, కెమెరా ఒకటే. లైసెన్సు జేబులో పెట్టుకున్నట్టే తన సాక్షినీ సంచిలో పెట్టుకుని డ్యూటీ ఎక్కుతాడు. రోడ్డు మీద పోగైన గుంపు ముందర నోరు లేనివాడికి అది నోరు. అద్దానికి శాశ్వతంగా అతికే కెమెరా ఆస్తి ఉన్నవాడికి ఉపయోగం. ఊడి వచ్చేది కష్టజీవికి ఉపయోగం.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. తీసినది మళ్ళీ పెట్టడం మరిచిపోతే? నిజమే, మరుపు ఉంది. తాళంచెవి ఉన్న సంచిలోనే కెమెరానూ ఉంచే అలవాటు చేసుకుంటే ఒకటి లేకుండా రెండోది చేతికి రాదు. రెండవది: బండి నిలిపి ఉన్నప్పుడు ఎవరైనా గీరిపోతే పట్టుకునేదెవరు? నీడనో సెల్లారులోనో నిలిపేవారికి ఆ కాపలా సరే. మే నెల మధ్యాహ్నం బస్టాండు ముందర నిలిపేవారికి, గీత కోసం కెమెరానే బలిపెట్టడం వడ్డీ కోసం అసలు పోగొట్టుకోవడమే. నిలిపి ఉన్న బండికి పడేది గీత, నడిచే బండి చేసేది ప్రాణం తీయడం. కాపలా దేనికి ముందో తేల్చుకోండి.

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు ఆ దృశ్యాన్ని లోకానికి చూపినవాటిలో ఎన్నో వాళ్ళ కార్లలోని ఈ కెమెరాలే. అక్కడివారు ఉల్కల కోసం వాటిని పెట్టుకోలేదు, రోడ్డు తగాదాల కోసం పెట్టుకున్నారు. సాక్షి ఎప్పుడు అక్కరకు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగినదల్లా ఆ వేళకు అది సరైన దిక్కు చూస్తూ, చెడిపోకుండా, మనకు లొంగి ఉండాలని. ఆ మూడూ పీట మీదే ఆధారపడ్డాయి. అందుచేత అంగడికి పోయినప్పుడు కెమెరా కన్ను సంగతి అడిగే ముందు, పీట మీద పెట్టి ఒక చేత్తో తీసి చూపించమనండి. అమ్మేవాడు తడబడితే పక్క అంగడికి నడవండి.

చివరగా మిత్రులకు ఒక మనవి. మౌంటు అన్న మాటకు నేను పీట అనీ చిలక్కొయ్య అనీ వాడాను. రెండింటిలోనూ అర్థం పూర్తిగా పట్టలేదు. తగిలించి తీయగలిగే ఆధారానికి మీ ప్రాంతాల్లో, మీ వృత్తుల్లో, మీ ఇళ్ళలో వేరే పేరుంటే చెప్పండి. వడ్రంగుల నోట, నేతగాళ్ళ నోట ఇంకా మంచి మాట ఉండి తీరుతుందని నా నమ్మకం.